నల్లా వచ్చే దినం, నల్లా రాని దినం

విచారణ కేలండర్ వెనుక తెల్లటి దిక్కు
స్కేలు పెట్టి గీతలు గీసిన.
ఎడమ పక్క గంటలు, పైన పేర్లు:
ఫిలోమిన, రాయప్ప, షౌరి, అరుళ.
ఐదో నిలువు గడి కూడ గీసిన. పేరు రాయలే.
తపస్సుకాలం దాటినంక వస్తది
ఆ పేరు గల మనిషి.

పెన్ను కాదు, పెన్సిలు.
మూడు వారాలల్ల నేర్చుకున్న బుద్ధి ఇదొక్కటే.

మొదటి టైంటేబుల్ రాసింది
కాన్వెంటు బడిల ఎనిమిదేండ్లు చెప్పిన టీచరమ్మ.
ఐదున్నరకు లేచుడు, ఆరింటికల్లా జపం,
ఏడింటికి లెక్కలు, ఎనిమిదింటికి తెలుగు,
గంట కొట్టే ఆయమ్మ ఇంట్ల లేదని మర్చిపోయి రాసింది.
గంట నల్లా కొట్టింది.
ఫాతిమానగర్ల మా గల్లీకి దినం తప్పి దినం
ముందుగాల బుస్సుమని గాలి, దానెనుక నీళ్లు.
పరలోక జపం అన్నం కాడికి వచ్చేసరికి
మోకాళ్ల మీదున్నోళ్లంత బిందెల కాడున్నరు.
ఇగ ఇప్పుడు మాకు రెండు రకాల దినాలు:
నల్లా వచ్చే దినం, నల్లా రాని దినం.
ఆదివారం ఈ రెండిట్ల ఏదైనా కావచ్చు.

ఆయన కాలం ఏ గడిలనూ పట్టది.
రామగుండం బొగ్గుబండి ఎనుక పెట్టెల కూసోని
పగటీలి రావచ్చు, తెల్లారి రావచ్చు.
ఆయన పండుకున్నంతసేపు సప్పుడు లేని చదువులు:
కాపీరాత, బొమ్మలు, పటంల నదులు.
అరుళకు మాత్రం సప్పుడు లేని చదువు ఏదీ లేదు.

ఇంట్ల బడి ఎందుకు పెట్టినవని అడిగితే
ఫీజులు అని చెప్త. అది అబద్ధం కాదు.
అడగనోళ్లకు చెప్పాల్సింది వేరే ఉన్నది:
మూడో తరగతిల మా రాయప్పను
గోడకు మొఖం పెట్టి కూసోబెట్టిండ్రు.
అక్షరాలు వానికి పక్కకు తిరిగి కనబడ్తయి.
మూడు నెలలు, గోడ.

వాడు మొన్న డాబా మీదికెళ్లి దిగొచ్చి అన్నడు,
"అమ్మా, నాయిన బండికి యాభై ఎనిమిది డబ్బాలు,
నాయిన కూసునేదాంతోని యాభై తొమ్మిది.
నీ జపమాల పూసలు గూడ అన్నే."
నా ఏలుకు ఎనిమిదేండ్లప్పటి సంది తిరుగుతున్న పూసలు,
ఎన్నడు లెక్కపెట్టలే.
చేటల బియ్యం పక్కకు జరిపి లెక్కపెట్టిన.
చిన్నయి యాభై మూడు, పెద్దయి ఆరు.
"మరి ఇంజను?" అని షౌరి.
"సిలువ" అన్నడు రాయప్ప, అదిగూడ తెల్వదా అన్నట్టు.
ఆ దినం లెక్కల గడిల ఏం రాయాల్నో
జపం గడిల ఏం రాయాల్నో
తెల్వక రెండూ ఖాళీ ఇడిసిన.

పన్నెండింటికి పెద్దగుడి గంట.
చేతులకు పిండి ఉండంగనే త్రికాల జపం,
అరుళ నడిమిట్ల నాలుగుసార్లు ఆమెన్ అంటది.

గురువారం నాకు హన్మకొండ దవాఖాన.
ఆ దినం బడి ఫిలోమినది.
నాకంటె గట్టిది, పలక మీద నిలబడ్డోళ్ల పేర్లు రాస్తది.
నిన్న రాత్రి కేలండర్ ముందల కూసోని చూసిన.
దాని గడులల్ల నా చేతిరాత:
అరుళ తానం. తడిబట్టలు. షౌరికి ఎక్కాలు.
అన్నం వార్చుడు. అరుళ. మల్ల అరుళ.
పదకొండేండ్ల పిల్ల. దాని చదువు ఎక్కడని వెతికితే
అడుగున, మూలకు, చిన్నగ.

రబ్బరు తెచ్చి తుడిసిన, కాగితం పలసబడేదాక.
నాలుగింటి గడిల ఒక్కటే రాసిన:
ఫిలోమిన. అర్ధగంట. ఎవ్వరూ పిలవొద్దు.

ఇయ్యాల నాలుగింటికి
అది పోయి మెట్ల మీద కూసున్నది.
పుస్తకం పట్టుకపోలే, ఏదీ పట్టుకపోలే.
జడ ఇప్పి, మల్ల అల్లుకొని, మల్ల ఇప్పింది.
లోపట అరుళ ఏడుస్తున్నది.
ఒక్కసారి ఇటు తిరిగి చూసింది,
నేను తల అడ్డం ఊపిన.