ఉత్త గీత

రాత్రి రెండున్నరకి ఫ్యాక్స్ మిషను దగ్గి దగ్గి
ఒక కాగితం కక్కింది.
ఎలిసేయో త్సునూన్‌ని ఇంకో నలభై ఎనిమిది గంటలు
అట్టే పెట్టమని మనవి.
మనవే. ఆజ్ఞ కాదు.
జడ్జి సంతకం ఉండాల్సిన చోట
ఉత్త గీత.

మా ఊరి చట్టం ఆ గీత దగ్గర ఆగుతుంది.
నేనూ ఆగాను.

కవరు బల్ల మీద బోర్లించాను:
బెల్టు, బూట్ల తాళ్లు, పదకొండు డాలర్లు,
ఇంటికప్పులు వేసేవాడి కొలత టేపు, అంచున తారు.
పగిలిన టెయిల్ లైటుకి మూడు రాత్రులు.

"ఏ తలుపు?" అన్నాడు.
ఉన్నది ఒక్కటే.
దాని అవతల, సరస్సు గాలి కోస్తున్న వీధిలో,
ఇంజను ఆపని కారొకటి.

నేనెవరికీ ఫోను చెయ్యలేదు, ఒట్టు.
కానీ మొన్న ఈ చేత్తోనే
అతని బొటనవేలు గాజుపలక మీద అదిమాను.
నేను ఇంటికెళ్లి అన్నం వేడిచేసుకునేలోపే
ఆ వేలు వాషింగ్టన్ చేరిపోయి ఉంటుంది.

రిజిస్టరులో విడుదల సమయం గడి
ఇంకా నింపలేదు.
అతను గచ్చు మీద కూచుని
తాళ్లకు రెండేసి ముళ్లు వేస్తున్నాడు.
తొందరేం లేదు, అన్నాను.
కాఫీలో చక్కెర ఎన్ని చెంచాలు?