ఇతరములు

పద్నాలుగో గడి దగ్గర ఆగిపోయాడు
టైమాఫీసు పానకాలు కొడుకు.
వాళ్ల నాన్న మా జూట్ మిల్లులో
మా అందరి కార్డులూ గుద్దినవాడే.
ఇప్పుడు వీడు లేబరాఫీసు కిటికీలో కూర్చుని
పెన్ను మూత కొరుక్కుంటూ అడిగాడు:
"ఉద్యోగం పోవడానికి కారణమేంటి సువార్తమ్మత్తా?"

రాజీనామా. తొలగింపు. పదవీ విరమణ. మరణం.
నాలుగున్నాయి, ఒకటి చెప్పమన్నాడు.

"చచ్చిపోయినవాళ్లు కూడా ఈ లైన్లోనే నిలబడాలా నాయనా?"
నా వెనకనుంచి మస్తాన్‌బీ.
లైనంతా నవ్వింది. ఫ్యాను కింద నిద్రపోతున్న
జవాను కూడా లేచి, ఎందుకో తెలీకుండానే నవ్వాడు.

నేను మానలేదు.
నన్నెవరూ మాన్పించలేదు.
ఇరవై ఆరేళ్లు పనికి పోయాను, సైరన్ కంటే ముందే.
ఒక్కసారి పనే పోయింది,
నాతో మాటైనా చెప్పకుండా, ఓడెక్కి.

ఎక్కడికి పోయిందో యార్డులో తెలిసింది.
మిర్చి ముచ్చికలు తీస్తూ, తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ
టిక్కీ మీది ముద్ర చదివింది హెప్సీబా:
మేడ్ ఇన్ బంగ్లాదేశ్.
గోతాన్ని చేత్తో తడిమి చూశాను.
నేత మంచిదే. అబద్ధమెందుకు చెప్పాలి?
అంచు కుట్టే మనంత బిగువుగా లేదు.

అంతకుముందు ఎండాకాలం
సూపర్‌వైజరు ఫోను పట్టుకుని నా మిషను దగ్గరికొచ్చాడు.
"తెగిన పోగు ముడెయ్యమ్మా, మెల్లగా,
వేళ్లు బాగా కనపడాలి."
నేను కొంగు సర్దుకుని, జుట్టుమీది నార దులుపుకున్నాను.
మొహం అక్కర్లేదన్నాడు.
మూడుసార్లు వేసి చూపించాను:
ఎడమ బొటనవేలి కింద చిన్న మడత,
ఊపిరి వదిలేలోపు బిగింపు.
నాకది నేర్పడానికి లూర్దమ్మకి
రెండు నెలలు పట్టింది, చేతిమీద కొట్టి కొట్టి.
ఫోను నలభై సెకన్లలో నేర్చేసుకుంది.

మిషన్లు విప్పినప్పుడు మాకు నాలుగు రోజులు
అదనపు కూలి ఇచ్చారు.
సామానంతా గోతాల్లో కట్టాం, మేం నేసిన గోతాల్లోనే.
మూతులు కుట్టింది నేనే.
గట్టిగానే కుట్టాను, అలవాటు కొద్దీ.

ఇక సర్కారు సాయం సంగతి.
ఆరు నెలలు నెలకింత ఇస్తారు, శిక్షణకి వెళ్లాలి.
యాభై ఏడేళ్ల మస్తాన్‌బీకి
బ్యూటీషియన్ కోర్సు పడింది.
"ముందు ఈ పిల్లోడి కనుబొమ్మలు సరిచేస్తా" అంది.
నాకు కంప్యూటర్.
హాజరు తగ్గితే డబ్బు రాదు.
హాజరైతే యార్డు కూలి రాదు.
మొదటి నెల డబ్బు మూడో నెలలో పడుతుంది,
మధ్యలో ఆ రెండు నెలలు ఏం తినాలో
అడగడానికి ఏ గడీ లేదు.

ఎగతాళి చెయ్యట్లేదు. ఆ డబ్బు నాకు కావాలి.
కరెంటు బిల్లుంది, గ్యాసు బండ ఉంది,
నల్లచెరువు వీధిలో అద్దె ఉంది.
కావాలి కాబట్టే పొద్దున ఆరింటికొచ్చి నిలబడ్డాను.

చివరికి కాగితం అడుగున కనిపెట్టాడు పిల్లోడు:
ఇతరములు. పక్కన ఒక గీత.
"ఒక్క లైనే పడుతుందత్తా, ఆలోచించి చెప్పు."
పనే ఊరు దాటిపోయింది, అన్నాను.
వాడు రాశాడు: పని ఊరు దాటిపోయినది.
"పోయింది అన్నాను కదరా?"
"ఆఫీసులో అలాగే రాయాలి.
పొరపాటైతే నన్ను తీసేస్తారు, నాదీ కాంట్రాక్టే."

పడుకున్నాక ఆ పిల్ల గుర్తొస్తుంది.
పేరు తెలీదు, ఎవరి బిడ్డో తెలీదు.
అక్కడ పోగు తెగినప్పుడల్లా
నా వేళ్లు చూసి నేర్చిన ముడేస్తుంటుంది.
కోపం తెచ్చుకుందామని చూశాను, రెండు మూడు రాత్రులు.
రాలేదు. దగ్గొచ్చింది.

షిఫ్టు దిగగానే బెల్లం ముక్క
బుగ్గన పెట్టుకోవాలమ్మా,
లేకపోతే నార దుమ్ము గొంతులో గూడు కడుతుంది.
అది చెప్పనేలేదు నేను.

వాళ్లడిగింది వేళ్లే.