ఊపిరి కత్తిరించినవాణ్ణి

ఏసోబు మొదటి పాట నా దగ్గరే పుట్టింది.
గుంటూరు అరండల్‌పేట, జిరాక్సు షాపు మీద గది,
గోడలకి మా అమ్మ పాత బొంతలు,
దొంగ సాఫ్ట్‌వేరున్న లాప్‌టాప్,
ఫ్యాను ఆపితేనే రికార్డింగు.
మే నెలలో టేకుకో చొక్కా తడిసేది.

వాడు పెట్టుకున్న పేరు గొడ్డుకారం.
మిర్చి యార్డులో వాళ్ల నాన్న టిక్కీలు మోసేవాడు,
అమ్మ తొడిమలు తీసేది,
ఆ ఇంట్లో నలుగురి గొంతుల్లోనూ ఒకటే గరగర.
నాకది నచ్చలేదు.
నచ్చకపోవడం కాదు, భయమేసింది,
నా మైకు చవకరకమని బయటపడుతుందని.

అందుకని బీటు పెంచాను.
కిక్కు మీద కిక్కు,
కింద జిరాక్సు గాజు అదిరి
షాపాయన తిట్టుకుంటూ మెట్లెక్కి వచ్చేదాకా.
దాని మీద నెగ్గాలంటే వాడు అరవాలి.
అరిచాడు.
రెండేళ్లు అరిచాడు.
మాటకీ మాటకీ మధ్య వాడు పీల్చే గాలిని
ఎలక కొరికినట్టు కొరికి పారేశాను.
శుభ్రం అనుకున్నాను దాన్ని.
ఊపిరితిత్తులు లేని మనిషెవడో
నాలుగు నిమిషాలు ఏకబిగిన తిట్టినట్టుండేది పాట.
కాలేజీ కుర్రాళ్లు ఎగిరారు.
ఒకచోట స్పీకరు కూడా పోయింది,
ఆ డబ్బు మేమే కట్టాం.

తర్వాత బెజవాడ.
గాంధీనగర్లో కిరీటిగారి స్టూడియో,
చెప్పులు బయట, ఏసీ లోపల,
చీరల షాపుల ప్రకటనలు చేసి చేసి నునుపెక్కిన చెయ్యి.
ఆయన ఏసోబు గొంతుకి ఇస్త్రీ చేశాడు.
'మావా' తీసేసి 'బ్రో' పెట్టించాడు,
ప్రాసలన్నీ గుండీకి గుండీ సరిపడేట్టు కుట్టాడు.
పాట బావుంది.
ఎవరిదైనా కావచ్చు అనిపించేంత బావుంది.
వాళ్లమ్మ ఫోను చెవికి ఆనించుకుని మొత్తం విని
"ఎవర్రా ఇది? జలుబెరగని పిల్లోడు" అందట.
నేను పడీ పడీ నవ్వాను.
నవ్వడానికి నాకేం హక్కుందో చూసుకోకుండా.

మూడోసారి వన్‌టౌన్ పిల్ల, మెహతాబ్.
స్టూడియో లేదు.
సంచీలో రికార్డరు, బొచ్చు తొడుగున్న మైకు.
తెల్లారుజామున బ్యారేజీ గేట్ల కింద నీళ్లు,
కాళేశ్వరరావు మార్కెట్లో షట్టర్లు లేచే మోత,
మా యార్డులో టిక్కీకి కొక్కెం దిగే చప్పుడు.
మూడు వారాలు వాడికి బీటే ఇవ్వలేదట.
"అరవకు. పక్కన ఎవరో నిద్రపోతున్నారనుకుని చెప్పు" అందట,
అంతే, ఇంకేం అనలేదట.
వాడు అర్ధరాత్రి నాకు ఫోను:
"మావా, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీట్లేదురా,
నీ కిక్కొకటి పంపు, పట్టుకుని నిలబడతా."
పంపాను.
ఆమె వాడలేదు.

నిన్న విన్నాను ఆ పాట,
మంగళగిరి దాటాక, ఆఖరి బస్సులో.
కొక్కెం దిగింది.
ఖాళీ.
మళ్లీ కొక్కెం.
ఆ ఖాళీలో వాడు గాలి పీల్చాడు.
ఛాతీలో ఎక్కడో కారం దుమ్ము కదిలింది.
అప్పుడొచ్చింది మాట,
"నాన్న దగ్గితేనే మాకు తెల్లారేది",
మెల్లగా, లెక్కకి రవ్వంత ఆలస్యంగా,
బరువు దించిన మనిషి నడుం నిటారు చేసుకున్నంత ఆలస్యంగా.
నేనైతే దాన్ని ముందుకి లాగి గీతకి అతికించేవాణ్ణి.
పక్క సీటాయన అడిగాడు, ఏం బాబూ, ఒంట్లో బాలేదా అని.

ఇంటికెళ్లి పాత డిస్కు తీశాను.
కోతలు పడని టేకులు ఇంకా ఉన్నాయి అందులో.
పదహారోది తెరిచాను.
గాలి. గుటక. మళ్లీ గాలి.
తర్వాత పందొమ్మిదేళ్ల ఏసోబు:
"ఒరే, ఒక్క నిమిషం ఫ్యానెయ్యరా, చచ్చిపోతున్నా."
తర్వాత నేను:
"ఇంకొక్క టేకు."