మూడు రాళ్ల వంతెన

మా రాళ్లంగడి చిత్తూరులో, గిరింపేట దాటినాక.
సమాధి పలకలు, ఇంటి పేర్లు,
గడపకు నల్లరాయి, ఏదైనా కొడతాం.
అక్షరానికి పద్దెనిమిది రూపాయలు.
ఒత్తుకూ దీర్ఘానికీ వేరే లెక్క లేదు.

మొదటి రాయి నాకు బాగా గుర్తు.
'చింతమాకులపల్లి వంకపై
హైలెవెల్ వంతెనకు శంకుస్థాపన.'
పేర్లకు రెండంగుళాలు,
వంతెనకు ముప్పాతికంగుళం.

ఒకాయన పేరు ఇంకొకాయన పేరు కింద పడిందని
రాయి వెనక్కి వచ్చింది.
మళ్లీ కొట్టినా.
ఎవరిదో పేరు ముందర 'శ్రీ' లేదని
మళ్లీ వచ్చింది.
వంతెన ఎన్నడుగులో రాయలేదేమని
ఏ ఒక్కరూ వెనక్కి పంపలేదు.

టెంకాయ కొట్టిరి,
చప్పట్లు కొట్టిరి,
నా బిల్లు కొట్టేసిరి.

ఐదేండ్లకు జెండా మారింది.
అది వాళ్ల వంతెన, మాది వేరే అనిరి.
అదే వంక. అదే గట్టు. అదే పురోహితుడు.
షామియానా రంగు మాత్రం కొత్తది.
రెండో రాయి కొట్టినా.
మళ్లీ జెండా మారింది.
మూడోది కూడా నేనే కొట్టినా,
పాత బాకీతో కలిపి ఇస్తామంటే.

శిలాక్షరం చెరగదురా అనేవాడు మా నాయన.
నిజమే నాయనా,
చెరగలేదు.
జరగలేదు, అంతే.

పార్టీ ఆఫీసులో అడిగితే
ఇది గవర్నమెంటు పని, ఇంజనీరు దగ్గరికి పో.
ఇంజనీరు దగ్గరికి పోతే
అది పార్టీవాళ్ల ఉత్సాహం,
మా ఫైల్లో రాయే లేదు.
వాళ్ల మధ్యన తిరిగీ తిరిగీ
ఉలికంటే ముందు చెప్పులరిగినాయి.

పోయిన ఆదివారం
ట్రాలీ ఆటో బాడుగకు మాట్లాడుకొని నేనే పోయినా.
దుడ్లు రాకపోతే పోయె,
రాళ్లన్నా పెరుక్కొస్తాం,
తిప్పి కొడితే వెనకపక్క ఇంకొకరి గడపకు పనికొస్తాదని.

గట్టు మీద రాళ్లు లేవు.
సిమెంటు దిమ్మెలు మూడు,
పళ్లూడిన చిగుళ్ల మాదిరి.

రాళ్లు వంకలో ఉన్నాయి,
ఒకదాని పక్కన ఒకటి పరిచి.

దొరసానమ్మ అంట ఆమె పేరు.
మొన్న తుపాను వానకు
పాలబండి అవతలే మూడురోజులు నిలిచిపోతే
విరిగిపోయిన నలభై లీటర్లు
ఈ నీళ్లలోనే పారబోసింది.
నాలుగోరోజు పొద్దున్నే
మరిదినీ గడ్డపారనూ పిలుచుకొచ్చింది.

"అచ్చరాలు పైకి పెట్టినామప్పా" అనింది.
"నున్నటి పక్క పెడితే పాచి పట్టి జారతాది.
బాగా లోతుగా కొట్టినాడు, ఎవురో మహానుభావుడు."

ఇరవైరెండేండ్ల పనిలో
నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి.
ఆ ఎవురో నేనేనని చెప్పడానికి
నోరు రాలేదు.

"ఏం రాసుండాది దాంట్లో?"
చదివి వినిపించినా,
పేర్లు, హోదాలు, తేదీలు, అన్నీ.
నడుమన ఎక్కడో వంతెన అని వచ్చినప్పుడు
ఆమె నవ్వింది.
క్యాను నెత్తికెత్తుకొని
'గౌరవనీయులు' మీద ఒక అడుగు,
'కరకమలములచే' మీద ఒక అడుగు,
మూడో రాయి చివర
ఎవరిదో ఇంటిపేరు మీద కుడికాలు ఆనించి
మోకాటిలోతు నీళ్లలోకి దిగిపోయింది.

మూడు రాళ్లు చాలలేదు.
అలవాటు కొద్దీ టేపు తీసి కొలిచినా.
ఇంకా రెండు రాళ్లు, పైన ఒక జానెడు.

అవతలి గట్టెక్కి, చీర కుచ్చిళ్లు పిండుకుంటా
కేకేసి అడిగింది:
"మళ్లా ఎలచ్చన్లు ఎప్పుడప్పా?"

ఆటో ఖాళీగా తిరిగొచ్చింది.
బాడుగ నూటయాభై ఎక్కువడిగినాడు, ఇచ్చేసినా.

ఈతూరి ఆర్డరొస్తే
రాయి జానెడు పొడుగు కోస్తా.
ఆ జానెడుకు బిల్లెయ్యను.