మబ్బు నీళ్ళు

మహేంద్రగిరి నడుం మీదికి మబ్బు దిగిన తెల్లారుజామున
నైలాన్ దారాల చట్రమొకటి గాలికి ఎదురుగా నిలబెట్టి
చుక్కా చుక్కా పట్టాను.
రెండు గంటలకి అరగ్లాసు.

పక్క కొండ మీద పోడు ఇంకా కమురుతోంది.
సవర సుక్కాయి బూడిదలోంచి నడిచొచ్చి
సీసా మూతి దగ్గర ముక్కు పెట్టింది.
"పొగ కంపు లేదేటమ్మా?
రేత్రంతా అటే తోలినాం గదా."

వెళ్ళింది సుక్కాయీ, మబ్బులోకే వెళ్ళింది.
కట్టె కాలితే లేచేది నల్లటి పొగొక్కటే కాదు,
కంటికానని ఆవిరులు వందల రకాలు.
నీళ్ళంటే పడిచచ్చేవి కొన్ని.
తియ్యగా, ఘాటుగా నీ చీరకి పట్టిందే ఆ వాసన,
అదీ వాటిలోదే.
చుక్క కనపడగానే దూకేస్తుంది.

తర్వాత పొద్దెక్కుతుంది.
ఎండ తగిలిన చుక్కలో
క్షణం కూడా బతకని ఆకలిముక్కలు పుడతాయి,
దొరికినదాన్ని దొరికినట్టే కొరుకుతాయి.
విరిగినవి ఆక్సిజన్ తగిలించుకుని
ఒకదాన్నొకటి పట్టుకుని బరువెక్కుతాయి.
గాలిగా వెళ్ళింది గాలిగా తిరిగి రాదు.
మబ్బు ఆరిపోయాక మిగిలేది
టీ డికాషన్ రంగు నుసి, పిసరంత.
ఇంకా ఎండనపడితే
ఆ రంగూ వెలిసిపోతుంది.

సుక్కాయి నవ్వింది.
"అయితే మొయిలు కడుపులో కూడా పొయ్యుందన్నమాట."
పదేళ్ళుగా పాఠం చెప్తున్నాను,
ఈ మాట నాకు తట్టలేదు.

మధ్యాహ్నం పలాసలో లేబుకొచ్చాడు
ఫారెస్టు గార్డు దండాసి, కేసు పుస్తకంతో.
బయట జీడిపిక్కల బట్టీలు
కళ్ళు మండేలా కాలుతున్నాయి.
"ఇది పోడు పొగా, బట్టీ పొగా మేడమ్?
కొండదేనని ఒక్క ముక్క రాసివ్వండి, చాలు."

సీసా ఎత్తి వెలుగులో చూపించాను.
రెండూ ఒకే చుక్కలో పడుకున్నాయి దండాసిగారూ,
లేచేసరికి ఇంటిపేర్లు లేవు.
సాక్షి నీళ్ళు నములుతోంది,
ఏం రాయమంటారు?

అతను సీసా చూడలేదు.
కుర్చీ మీద నా చున్నీ వైపు వంగి
గట్టిగా ఒకసారి వాసన పీల్చాడు.
"ఇది నమలట్లేదు మేడమ్."

దాని మీదికి ఏ మబ్బూ దిగలేదు మరి.

ఆ రాత్రి బకెట్లో నానబెట్టి
రెండుసార్లు ఉతికాను.
నీళ్ళు డికాషన్ రంగులో దిగాయి.