గుంత మగ్గం మీద పడవల ఊరు

బొమ్మ ఫోన్‌ల వచ్చింది.
రెండు వందల డెబ్బయి ఏండ్ల కిందటి నూనె రంగుల బొమ్మనట.
సముద్రంల కట్టిన ఊరు, బజార్లన్నీ కాలువలే.
సగానికెక్కువ ఆకాశం. కింద సందడి:
నల్ల పడవలు, బంగారు పూతదొకటి,
మొఖానికి ముసుగేసుకున్న దొరలు,
పడవ అంచు మీద ఎర్ర కోటోడొకడు.
"పడ్తడా ఏంది వీడు" అన్న నేను.

నా పని గళ్ల కాయితం.
ఆ పెయింటరు కుంచె మొనతోని ఒక్క పోటు పొడిస్తే మనిషి.
నేను వాన్ని మూడు గళ్లల్ల దించాలె.
తలకొకటి, ఒంటికి రెండు. కాళ్లుండయి.
కాళ్లు పడవలున్నయనుకోవాలె.
దారం ఐదు రంగులకే ఒప్పుకున్నడు సేటు.
ఆకాశంల నేను లెక్కవెట్టినయే పందొమ్మిది.

కొత్తవాడల యెలుగం సాంబయ్య
అద్దాలు నొసటికెక్కించి, ఫోన్ ముక్కు కాడికి తెచ్చుకొని
మేడలు సూడలే, పడవలు సూడలే.
మూడో అంతస్తు కిటికీకి ఆరేసిన తెల్ల గుడ్డను సూసిండు.
"సాదా నేత. అంచు మంచిగ కుదిరింది."

సోమారం మొదలువెట్టిండు, కిందికెల్లి మీదికి.
ముందుగాల నీళ్లు.
పంజా కొట్టినకొద్ది నీలం బిగుస్తాంది.
నీళ్లను అంత గట్టిగ కొట్టుడు నేనెన్నడు సూడలే.

బుధారం రాత్రి పట్టిన వాన శుక్రారం దాక ఇడువలే.
నాలా పొంగింది.
చెప్పులు, థర్మాకోల్ ముక్కలు, ఎవలదో స్టీలు బిందె
గల్లీ పొంట పోతున్నయ్.
ఏ ఇంట్లనైనా ముందుగాల నిండేది మగ్గం గుంతనే.
రామనర్సమ్మ బకెట్‌తోని తోడుతాంది,
ఆయన మోకాళ్లమంటి నీళ్లల్ల
తొక్కుడు చెక్కలు ఇంకా తొక్కుతనే ఉన్నడు.
తొక్కుకుంటనే అడిగిండు:
"సారూ, గా ఊర్లె మగ్గం గుంత యాడ తవ్వుతరు?"

రెండు వేళ్లతోని బొమ్మను పెద్దగ జేసిన.
ఇంకా పెద్దగ.
మేడ పోయింది, కిటికీ పోయింది, ఆరేసిన గుడ్డ పోయింది,
ఆఖరుకు ఉత్త గళ్లు మిగిలినయ్.

నీళ్లు తీసినంక పడుగు కోసి
సగం ఊరును పక్కింటి రెయిలింగు మీద ఆరేసినం.
ఆకాశం ఇంకా మొదలుగానే లేదు.
సేటు పంపిన పోరడు టేపు వెట్టి కొలిచి
సగం పైసలన్నడు, మళ్ల మరక సూసి అవి గూడ తగ్గించిండు.
ఎర్ర దారం రంగు ఇడిసింది.
జానెడు దూరం కాలువల సన్నగ కారింది.

సాంబయ్య దగ్గరికొచ్చి వంగి సూసిండు.
"పడ్తడా అంటివి గద సారూ, పడ్డడు" అని
గుంతల బురద ఎత్తవోయిండు.