ఎటు పోయినయ్

సోహార్‌లో ఆగస్టు. రాత్రి పదకొండైనా
కారు తలుపు పిడి చేత్తో పట్టుకోలేం.
లాబ్ వెనక షెడ్డులో లింబాద్రి
ఐసు దంచి వేసిన నీళ్ళతో కాంక్రీటు కలుపుతున్నాడు.
పగలు కలిపితే పోసేలోపే బిగుసుకుంటుంది.
అద్దానికి ఇవతల, ఏసీలో, స్వెటరేసుకుని
అదే గోడముక్కని నేను గళ్ళుగళ్ళుగా కోస్తున్నాను.
పద్నాలుగు లక్షల గళ్ళు.

గ్యాస్ ప్లాంటులో కంట్రోల్ రూము గోడ అది.
బయట ఏదైనా పేలితే
లోపల కుర్చీలో ఉన్నవాడి సంగతేమిటన్నది ప్రశ్న.
మొత్తం తొమ్మిది మిల్లీసెకన్ల కథ.
అది లెక్కగట్టడానికి మా మెషీన్‌కి రెండు రాత్రులు.

మెల్లగా నొక్కుతూ పోతే బీటకి తీరిక దొరుకుతుంది.
కంకర పక్కనుంచి, సిమెంటు సరిగా అతకని చోట్లనుంచి
ఒత్తిగిల్లుతూ దారి వెతుక్కుంటుంది.
ఒక్కసారిగా కొడితే వెతికే వ్యవధేదీ?
తిన్నగా రాయిలోంచే పోవాలి.
అందుకే ఆ క్షణానికి కాంక్రీటు తనకన్నా గట్టిది.
పుస్తకంలో చదివి నేనొక గుణకం పెట్టాను:
రెండు పాయింట్ ఒకటి.
లింబాద్రి పగిలిన సిలిండరు తెచ్చి బల్లమీద పెట్టాడు.
"సూడుండ్రి మేడం, రాయి సుత తెగింది.
జామకాయ కోసినట్టు."

మోడల్‌లో ఒక కిటుకుంది.
మరీ సాగిపోయిన గడిని చెరిపేస్తాం,
లేకపోతే మెషీన్ మొరాయిస్తుంది.
చెరిపిన గడికి బరువుండదు, వేగముండదు.
తెరమీద అదున్నచోట తెల్లటి ఖాళీ.
గోడ నిలబడింది.
రిపోర్టులో అదే రాశాను.

గురువారం అసలు గోడముక్కని కొట్టారు.
అదీ నిలబడింది. ముందువైపు వెంట్రుకవాసి బీటలు, అంతే.
సంతోషం పట్టలేక అందరికీ కరక్ చాయ్ తెప్పించాను.
లింబాద్రి చీపురు పట్టుకుని వెనకవైపు వెళ్ళాడు.
అక్కడ నిలబెట్టిన ప్లైవుడ్‌లో
చింతగింజంతది ఒకటి, బొటనవేలంతది ఇంకొకటి
దిగబడి ఉన్నాయి.
అల గోడ చివరంచుదాకా పోయి, ముందుకు దారిలేక
వెనక్కి మళ్ళేటప్పుడు నొక్కు కాస్తా లాగుడవుతుంది,
పెచ్చులు అటు ఎగురుతాయి.
తెలుసు నాకు. పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి.
రెండూ కుర్చీ ఎత్తునే ఉన్నాయి.

ఊడ్చినదంతా తూకమేశాడు, ఎవరూ అడక్కుండానే.
ఆరు కిలోల నాలుగు వందలు.
తెరమీద నా గోడ చూపించాను.
ఆ తెల్లటి ఖాళీలమీద వేలు పెట్టాడు.
"గియ్యి?"
"లెక్కలోంచి పోయాయి."
"పోయినయ్ సరే మేడం. ఎటు పోయినయ్?"

చెరిపేసే ఆ ఒక్క లైనూ తీసేశాను.
ప్రతి ముక్కా తన బరువుతో ఎగరాల్సిందే అన్నాను.
పదకొండు రోజులు కావాలంటోంది మెషీన్.
అప్పటిదాకా చింతగింజంత ముక్క కీబోర్డు పక్కనే.
దాంట్లో సగం రాయి.
షెడ్డులో మళ్ళీ ఐసు దంచుతున్న చప్పుడు.